క్రిస్మస్ చెట్ల కింద ముళ్ళగోరింట

మా మామయ్యకు దారం గుంజి గీత గీయడమంటే మహా ఇష్టం. బతుకంతా లెక్కలు చెప్పిన చెయ్యి కదా, ఊరుకోదు. పెరట్లో ఉల్లినారు పోసినా రెండు పుల్లలు పాతి దారం కట్టాల్సిందే. బట్టలారేసే తీగ కట్టినా అటునించొకసారి, ఇటునించొకసారి ఒక కన్ను మూసి చూడాల్సిందే. అలాంటి మనిషి రిటైరైన ఏడే, క్రిస్మస్ ముందు, మా చర్చి నూరేళ్ళ పండుగ వచ్చింది. కమిటీవాళ్ళు ఎండాకాలంలోనే తోటపని తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆ ఏడంటే రెండువేల నాలుగు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ వానాకాలం మా ఇంట్లో జరిగింది తలుచుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు.

మా పుట్టిల్లు మధిర దగ్గర. నన్ను కట్టుకున్న షాలేమ్‌రాజుకు పేపరు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం, ఇంటికి వచ్చేది నిద్రపోవడానికే. అత్తగారిల్లు భద్రాచలం దాటాక పర్ణశాల వైపు పోయే రోడ్డు మీద, పాత మిషన్ కాంపౌండులో. కాంపౌండంటే ఒక చర్చి, ఎప్పుడో మూతపడిన కాన్పుల ఆసుపత్రి, టీచర్ల క్వార్టర్లు, అంతే. మాది చర్చికి ఎదుటి క్వార్టరు. చర్చి ముందు గోడ వెంబడి నాలుగు క్రిస్మస్ చెట్లు ఉండేవి. ఎవరో దొరసాని నాటించిందట, చర్చి గోపురాన్ని ఎప్పుడో దాటిపోయాయి. వాటికీ గోడకూ మధ్య పొడుగాటి జాగా ఒకటి. పొద్దున కాసేపు గోడ మీదుగా ఎండ పడుతుంది, తర్వాత రోజంతా నీడే. చల్లగా ఉంది కదా అని మురిసిపోనక్కర్లేదు. వాన చుక్క కింద పడదు, పడ్డ చుక్కను ఆ చెట్ల వేళ్ళు మిగలనివ్వవు. పైనుంచి పేనిన తాళ్ళలాంటి ఎండు రెమ్మలు రాలుతూనే ఉంటాయి.

నేను వచ్చేనాటికి ఆ జాగా నిండా ముళ్ళగోరింట గుబుర్లు ఉండేవి. నడుమెత్తు మొక్క, సన్నని గట్టి ముళ్ళు, చలికాలంలో పసుపుపచ్చగా పూస్తుంది. ఎవరూ నీళ్ళు పోయకపోయినా పచ్చగానే ఉండేవి. మామయ్యకు అవి కంట్లో నలుసు.

"దేవుని మందిరం ముంగట ముళ్ళకంప ఏంది? పండుగకొచ్చే బిషప్ గారు కారు దిగంగనే కనపడేది గిదేనా?" అనేవాడు.

మే నెలలో ఎర్రుపాలెంలో చెల్లెలికి ఒంట్లో బాగాలేదని మా అత్తమ్మ ఇన్నమ్మ చూడటానికి పోయింది. మామయ్యకు ట్రాక్టరు దొరికింది ఆ వారమే. గుబుర్లన్నీ వేళ్ళతో సహా పెకలించాడు. దున్నించి, పైన ఎర్రమట్టి పోయించి, ఎగుడుదిగుడు లేకుండా సదును చేయించాడు. నేను చాయ్ పట్టుకుపోతే గ్లాసు అందుకుంటూ, "ఎట్లున్నది మహిమమ్మా? గచ్చు చేసినట్టు లేదూ?" అన్నాడు. నిజంగానే గచ్చులా ఉంది. "భలే ఉంది మామయ్యా" అన్నాను.

అత్తమ్మ తిరిగొచ్చిన మధ్యాహ్నం నేను గేటు దాకా ఎదురు వెళ్ళాను. ఆటో దిగింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో మామిడికాయల మూట. నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"ఈడ చెట్లుండె గదా" అంది.

మామయ్య దారపు ఉండ పట్టుకుని అక్కడే ఉన్నాడు. "చెట్లా? ముళ్ళకంప! మొదలంట పీకిచ్చిన. ఇగ సూడు, క్రిస్మస్ నాటికి ఈడ పూలతోట లేస్తది. ఎట్లున్నది?"

ఆవిడ ఆ మట్టి వంకే చూస్తూ, "మంచిగున్నది" అంది. మూట నా చేతికిచ్చి ఇంట్లోకి పోయింది.

ఆ పూట అన్నం మాడింది. అత్తమ్మ చేతి అన్నం మాడటం ఎన్నడూ లేదట. మా ఆయన తింటూ తింటూ, "ఎర్రుపాలెం పొయ్యొచ్చి వంట మర్శినవా అమ్మా?" అని ఆటపట్టించాడు. ఆవిడ వినపడనట్టే మజ్జిగ పోసింది.

ఇక మొదలైంది మామయ్య మొక్కల వేట. ముందు కడియం నర్సరీల నుంచి గులాబీలు దిగాయి. ఎరుపు, పసుపు, తెలుపు, మళ్ళీ ఎరుపు, అంతా వరస ప్రకారం. సాయంత్రమయ్యేసరికి నేను బోరింగు దగ్గర్నుంచి బిందెలతో నీళ్ళు మోసేదాన్ని. కొత్తకోడలు ఎంత ఒద్దికైందో అని కాంపౌండులో అందరూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను. గులాబీలు మొదట్లో కళగానే ఉన్నాయి. తర్వాత ఎండ కోసం మెడలు సాచి, బక్కచిక్కి, ఆకులన్నీ రాల్చుకుని మోడులయ్యాయి. అప్పటికి వానలు పడ్డాయి. ఊరంతా బురద, ఆ చెట్ల కింద మాత్రం దుమ్ము!

"గులాబీకి నీడ పడలే. అంతే" అని మామయ్య తేల్చేశాడు. గులాబీలు పోయి లాన్ గడ్డి వచ్చింది. చాపలు చాపలుగా పరిచి దిమ్మిసతో కొట్టి అణిచాడు. మొదటి చాప ఎండినప్పుడు నీళ్ళు చాలలేదన్నాడు. రెండోది ఎండినప్పుడు నేను నీళ్ళు ఎక్కువ పోశానన్నాడు. మూడోది ఎండినప్పుడు ఏమీ అనలేదు.

"లెక్కన్నంక జవాబుంటది బిడ్డా" అనేవాడు నాతో, అరుగు మీద కూర్చుని. "ఎండ సగం, నీడ సగం, నీళ్ళు లెవ్వు. గీ మూడిట్ల బతికే మొక్క ఏదో ఒకటి ఉండకపోదు."

"డిసెంబరాలు పెడదాం మామయ్యా. మా అమ్మ చింతచెట్టు కింద పెట్టింది, నీళ్ళు పోసినా పోయకపోయినా బ్రహ్మాండంగా పూస్తాయి. పండుగకు సరిగ్గా అందొస్తాయి కూడా."

"డిసెంబరమా? అది ముళ్ళగోరింటకు చెల్లెలే గదనే! ఒకదాన్ని ఎళ్ళగొట్టి దాని చెల్లెను తెచ్చి కూసోబెట్టుమంటవా?"

"పోనీ కనకాంబరాలు?"

"ఆదివారం ప్రార్థన అయ్యేటాల్లకు ఒక్క పువ్వన్న మిగుల్తదా? అన్నీ ఆడోళ్ళ కొప్పులకే పోతయి." ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల అత్తమ్మ గిన్నెలు తోముతోంది. మేమలా నవ్వినప్పుడల్లా గిన్నెల చప్పుడు ఆగిపోయేది. ఎందుకో అప్పటికి నాకు తెలియదు. ముసలావిడకు అలసట అనుకున్నాను.

ఆగస్టులో ఆ ఎర్రమట్టిని చీల్చుకుని అక్కడక్కడా మొలకలు లేచాయి. చిట్టి ఆకులు, ఆకు మొదట్లో వెంట్రుకంత ముల్లు. గులాబీ చచ్చిన చోట, గడ్డి మాడిన చోట అవి మాత్రం నవనవలాడుతూ లేచాయి. విత్తులు మట్టిలో ఉండిపోయాయి కాబోలు. మామయ్యకు చిర్రెత్తుకొచ్చింది. రోజూ పొద్దున ప్రార్థన కాగానే పీట వేసుకుని కూర్చుని ఒక్కోదాన్నీ గోటితో పట్టి, వేరు తెగకుండా మెల్లగా లాగేవాడు. అంత శ్రద్ధగా పిల్లల తలలో పేలు కూడా ఎవరూ తీయరు.

ఒకరోజు అత్తమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. నేను పక్కనే కూర ముక్కలు తరుగుతున్నాను. ఎదురుగా ఆయన ఒక మొలక పీకాడు. ఆవిడ వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి. ఇంకోటి పీకాడు. మళ్ళీ ఆగిపోయాయి. ఆయన పని ముగించి చెయ్యి కడుక్కుని బజారుకు పోయాక ఆవిడ లేచింది. గోడవార పోసిన మొలకల కుప్ప దగ్గర కూర్చుని, వాడిపోతున్నవన్నీ ఏరి కొంగులో వేసుకుంది.

"అవి ఎందుకత్తమ్మా?" అన్నాను దగ్గరికి వెళ్ళి.

ఆవిడ నా వంక చూసింది. చెప్పాలా వద్దా అని కాసేపు ఊగిసలాడింది. "కూసో" అంది.

"షాలేము కంటే ముంగల నాకొక కొడుకు పుట్టిండు బిడ్డా. గీ దవాఖానలనే. పొద్దుగాల పుట్టిండు, దీపాలు పెట్టేటాల్లకు పోయిండు. మీ మామ వరంగల్‌ల ట్రైనింగుకు పోయి ఉండె. బాప్తిస్మం కాలేదు గదా, సమాధుల తోటలకు తేవద్దన్నడు అప్పటి పాస్టరు అయ్యగారు. దవాఖాన ఆయా పాత చీరె ముక్కల చుట్టుకొని పోయి, గా చెట్ల కింద పెట్టింది."

నా చేతిలో కూర తరిగే కత్తి ఇంకా ఉంది. దాన్ని పక్కన పెట్టాలని కూడా తోచలేదు.

"నా ఒక్కదానిదే కాదు. పురిట్ల పోయిన పిల్లలందరిని ఆడనే పెట్టేది. అడివి ఊర్ల నుంచి కాన్పుకొచ్చేటోళ్ళు, సచ్చిన పిల్లను ఒళ్ళె పెట్టుకొని బస్సెక్కుతే ఎక్కనిస్తరా? ఆళ్ళు మన మతమోళ్ళు గూడ కాదు, మన సమాధుల తోటల పెట్టనియ్యరు. ఆళ్ళ పిల్లలు గూడ ఆడనే."

"మరి ఆ ముళ్ళగోరింట..."

"ఆయానే చెప్పింది. పసిగుడ్డు గుంత లోతుండది, కుక్కలు తవ్వుతయి, ముళ్ళ చెట్టు పెట్టుకోండ్రి అని. ముల్లుంటే కుక్క రాదు, మ్యాక తినదు. నీళ్ళు పొయ్య పన్లేదు. రాయి పాతే తాహతు ఎవలకుండె? ఎవల చెట్టు ఆళ్ళు నాటుకున్నరు. గుబురుకు గుబురు ఆనుకొనే ఉండేవి గని, ఎవల చెట్టు ఆళ్ళకు ఎరుకే. ఆదివారం చర్చికి పోయేటప్పుడు దాని పక్కనించి పోయేదాన్ని. నిలబడేదాన్ని గూడ కాదు. పోయేదాన్ని, అంతే."

"మామయ్యకు తెలియదా?"

"కొడుకు పోయిండని తెలుసు. ఏడ పెట్టిండ్రో ఎన్నడు అడగలే. అడిగితే చెప్పకపోదునా?"

"ఇప్పుడైనా చెప్పండత్తమ్మా."

"ఏమని చెప్పాలె? నీ చేతులతోటే పీకేసినవ్ అని చెప్పాల్నా? ఆయన మంచోడు బిడ్డా. చెడ్డోడైతే ఆటో దిగిన్నాడే మొహం మీద అడిగేదాన్ని." కొంగులోని మొలకలు చూసుకుంది. వేళ్ళు అప్పటికే ఎండిపోయాయి. "నువ్వు గూడ చెప్పకు" అంది.

ఛీ, ఆ రోజు నా మీద నాకే ఎంత రోత పుట్టిందో! "భలే ఉంది" అన్న నోరు ఇదే. కనకాంబరాల గురించి పకపకా నవ్వింది కూడా ఇదే. రోజూ బిందెలు మోస్తూ నేను తొక్కింది ఏమిటో అప్పుడు తెలిసింది. ట్రాక్టరు పోయిన తర్వాతి ఆదివారం చర్చి నుంచి బయటికి వస్తూ కొందరు పెద్దవయసు ఆడవాళ్ళు ఆ మట్టి వైపు ఒకసారి చూసి మొహాలు ఎందుకు తిప్పుకున్నారో కూడా అర్థమైంది. ఆ ఆసుపత్రి పాత నర్సమ్మ ఒకావిడ అరుగు దాకా వచ్చి, మామయ్యను చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. కాంపౌండులో సగం మంది ఆయన దగ్గర ఎక్కాలు చదివినవాళ్ళే. సంసోను సారుకు ఎదురు చెప్పే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. ఆడవాళ్ళందరికీ తెలుసు. పెద్దవాళ్ళలో తెలియనిది ఆయనొక్కడికే, ఆయన్ని చూసి జాలిపడాలో మండిపడాలో నాకు పాలుపోలేదు.

మర్నాడు పొద్దున పీట వేసుకుని కూర్చున్న ఆయన పక్కకు వెళ్ళాను. "మామయ్యా, ఈ మొలకల్ని ఉంచేద్దామా? ఇవైతే బతికేట్టున్నాయి" అన్నాను.

"పిచ్చిదానా, ముళ్ళకంపను ఎవలన్న కోరి పెంచుకుంటరా?" అని నవ్వుతూ, నా కాలి బొటనవేలి పక్కన ఉన్న మొలకను పట్టి లాగేశాడు. ఆ పూట భోజనంలో చేపముక్క పెద్దది ఏరి నా పళ్ళెంలో వేశాడు, "నీళ్ళు మోసి మోసి సన్నబడ్డవ్, తిను" అంటూ. అత్తమ్మ నా వంక చూడకుండా చారు వడ్డించింది.

మొలకలు లేవడం మానేశాయి. క్రోటన్లు పెట్టాడు, అవీ పోయాయి. అక్టోబరు దాటి నవంబరు వచ్చింది. మామయ్య మాటలు తగ్గాయి, రాత్రుళ్ళు దగ్గు ఎక్కువైంది. కమిటీలో ఎవరో, "సారు లెక్క తప్పింది" అని నవ్వారట, అది ఆయన చెవిన పడింది. చివరికి ఒక ఉపాయం పన్నాడు. కొత్తగూడెంలో పెళ్ళిళ్ళకు పూలకుండీలు కిరాయికి ఇచ్చేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర్నుంచి ఆటోల నిండా కుండీలు తెప్పించి, దారం కట్టి గుంతలు తీసి, కుండీలతో సహా మట్టిలోకి దించి, అంచులు కనపడకుండా ఎర్రమట్టి కప్పేశాడు. పైకి చూస్తే మొక్కలు అక్కడే పెరిగినట్టున్నాయి. బిషప్ గారు వచ్చి పోయేదాకా ఉంటే చాలు. అరుగు మీది నుంచి అత్తమ్మ ఆ గుంతలు తీయడం చూస్తూ కూర్చుంది. ఒక్కో గుంతకు పార పడ్డప్పుడు ఆవిడ పెదాలు కదిలేవి. ప్రార్థనో, ఇంకేమిటో.

పండుగ ఇంకో రెండు రోజులుందనగా పాస్టరు అయ్యగారు, కమిటీవాళ్ళు తోట చూడటానికి వచ్చారు. మామయ్య చాలా రోజుల తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అందరూ వరసగా నిలబడి మెచ్చుకుంటున్నారు. నేను చాయ్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఉన్నాను. అప్పుడు గేటు తోసుకుని ఒక ముసలామె వచ్చింది. నెత్తి మీద విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్ట, చెవులకు పెద్ద కమ్మలు. అడివి ఊరి మనిషని చూడగానే తెలుస్తోంది. కట్ట దించి గోడకు ఆనించి, తిన్నగా చెట్ల కిందికి నడిచింది. వంగి మొక్కల మధ్య చూస్తోంది. ఒక కుండీ ఆకులు పక్కకు తోసి చూసింది, ఇంకోటి తోసింది.

"ఏయ్, ఎవలమ్మా నువ్వు? తొక్కుతున్నవ్, జరుగు" అని మామయ్య మొక్కల్లోకి దిగాడు. "మొక్కలు ఎత్కపోనీకొచ్చినవా?"

"నాకెందుకు సారూ నీ మొక్కలు? నా చెట్టు ఎతుకుతున్న."

"నీ చెట్టేంది ఈడ?"

"పచ్చపూల చెట్టు. నా బిడ్డ మీద పెట్టుకున్న. ఆకులు అమ్మనీకి వచ్చినప్పుడు, పూసినప్పుడు సూసిపోత. గీన్నే ఉండె."

కమిటీలో తల నెరిసినవాళ్ళు నేల చూపులు చూశారు. అయ్యగారు కొత్తగా వచ్చినాయన, ఆయనకు ఏమీ అర్థం కాలేదు. మామయ్య ఈసారి మెత్తగానే అన్నాడు, "లేదమ్మా, ఇది చర్చి జాగా. ఈడ ఎవల సమాధులు లెవ్వు. నువ్వు పొరబడ్డవ్."

"పొరబడలే."

అత్తమ్మ ఎప్పుడు అరుగు దిగిందో నేను చూడలేదు. ఆ ముసలామె పక్కకు వచ్చి నిలబడింది. "జంపక్క పొరబడలే" అంది. "ఈమెదీ ఈడనే. మనోడిదీ ఈడనే."

"మనోడంటే ఎవలు?" అన్నాడు మామయ్య.

"మీరు వరంగల్ నుంచి వచ్చేటాల్లకు పోయినోడు."

మామయ్య తలవంచి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. చెప్పులతో ఆ మట్టి నడుమ నిలబడి ఉన్నాడు. ఒక కాలు ఎత్తాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఎత్తి పట్టుకుని, తూలిపోబోతే అయ్యగారు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

కమిటీవాళ్ళు చాయ్ తాగకుండానే వెళ్ళిపోయారు. జంపక్కను అత్తమ్మ అరుగు మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఇద్దరికీ ఎన్నో ఏళ్ళ పరిచయమట, పూలు పూసిన రోజుల్లో ఆ చెట్ల దగ్గర కలిసేవాళ్ళట. కొడుకైన షాలేమ్‌రాజుకు కూడా ఆ సంగతి తెలియదు. నేను అన్నం పెట్టుకొచ్చాను. మామయ్య లోపలి నుంచి కుర్చీ మోసుకొచ్చి ఆమెకు వేసి, తాను మాత్రం కింద మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకు తెల్వదమ్మా" అన్నాడు. "తెలిస్తే ముట్టుకునేటోన్ని కాదు."

జంపక్క ఆయన్ని చూసింది. కోపంగా ఏమీ లేదు. "నువ్వు తెల్వక చేసినవ్ సారూ. అది నాకు సమజైంది" అంది. తర్వాత నా వైపు, అత్తమ్మ వైపు తిరిగింది. "మరి తెలిసినోళ్ళెందుకు చెప్పలే? నా బిడ్డ నోరులేనిదాయె. మీకు నోరుండె గద."

అన్నం పళ్ళెం ముట్టుకోలేదు. కట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. మామయ్యకు తెలియకుండా దాచి మేం కాపాడింది ఆయన పరువు. ఆ దాపరికం కింద ఎవరెవరి పిల్లలున్నారో మేం ఆలోచించనే లేదు. ఆ పళ్ళెం అక్కడ నుంచి తీయడానికి కూడా నాకు సిగ్గేసింది.

మర్నాడు తెల్లవారుతూనే మామయ్య సైకిలు తీసుకుని పోయాడు. ఎండెక్కాక వచ్చాడు. వెనక క్యారేజీకి గోనెసంచి కట్టి ఉంది. సంచి నిండా ముళ్ళగోరింట, వేళ్ళకు మన్నుతో సహా. అడివి రోడ్డు పక్కన తవ్వుకొచ్చాడట. కొన్నిటికి పచ్చపూలు ఉన్నాయి. ఆయన రెండు చేతులూ, మోచేతుల దాకా గీరుకుపోయి నెత్తురు చారలు కట్టాయి. కుండీలన్నీ పైకి తీసి అరుగు మీద పేర్చాడు. దారం కట్టలేదు. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు.

అయ్యగారు పరుగెత్తుకొచ్చాడు. "సారూ, రేపు బిషప్ గారొస్తున్నారు. ఈ ముళ్ళేందండీ?"

"రానీయండి అయ్యగారూ. అడిగితే నేనే చెప్త. ఎవలవో, ఎందుకు పెట్టిండ్రో, ఎవలు పీకిండ్రో అన్నీ నేనే చెప్త" అన్నాడు. అయ్యగారు చర్చి వైపు నడిచాడు.

మామయ్య అరుగు దగ్గరికి వచ్చాడు. లోపల అత్తమ్మ ఉంది. నా పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఆవిడను పేరుపెట్టి పిలవగా వినలేదు, ఏమే అనో, ఇటు రా అనో తప్ప. "ఇన్నమ్మా" అని పిలిచాడు. ఆవిడ బయటికి వచ్చింది. ఆయన చేతుల వైపు చూసి చీర చెంగు అందుకోబోయి, ఆగింది.

"అడుగుతే నువ్వు ఏడుస్తవని అడగలే" అన్నాడు ఆయన. "గంతే. వేరే ఏం లేదు."

"అడగకపోతే ఏడ్వలేదనుకున్నరా?" అంది అత్తమ్మ.

ఇద్దరూ చెట్ల కిందికి నడిచారు. మిగిలిన మొక్కలు తట్టలో పెట్టుకుని నేను వెనక పోయాను. ఆయన ఒక మొక్క పట్టుకుని నిలబడ్డాడు. ఏ మొక్క ఎక్కడుండాలో ఆ ఏడంతా ఎవర్నీ అడగని మనిషి, "ఏడ పెట్టాలె? చూపియ్యి" అన్నాడు.

అత్తమ్మ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. ఒకచోట వంగి మట్టి మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తీసి ఇంకాస్త పక్కన పెట్టింది. అంతా ఒకటే ఎర్రమట్టి, ఎక్కడా గుర్తన్నదే లేకుండా సదునుగా ఉంది. లేచి చేతులు దులుపుకుంది.

"కండ్లు మూసుకొని గూడ వచ్చేదాన్ని" అంది. "ఇప్పుడు నాకూ మీకెంత తెలుసో గంతే తెలుసు."

ఆయన ఆ మొక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను తట్ట కింద పెట్టి ఇంట్లోకి వచ్చేశాను. ఆ క్షణంలో ఆయన మొహం చూడటానికి నాకు సిగ్గేసింది.